లిమిటెడ్ ఎడిషన్ ట్రాక్ కారు కోసం కొమ్మాది స్థలం అమ్మవచ్చునా?

కొమ్మాది_వాసి
శుక్రవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కార్ల గురించి నాకు తెలిసినది ఇంతే: పెట్రోలు పోయాలి, వేళకు సర్వీసుకు ఇవ్వాలి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా బావమరిది ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మెక్‌లారెన్ 675ఎల్‌టీ అనే కారు ఒకటి అమ్మకానికి వచ్చిందట. 2015 నాటిది, రేసు ట్రాక్ మీద కూడా తిప్పేలా చేసినదట. ప్రపంచం మొత్తానికి 500 కూపేలే (కప్పు తెరుచుకోని రకం) చేశారట. కొత్తలో అక్కడి ధర 2,59,500 పౌండ్లు, ఇప్పుడు అంతకంటే తక్కువకే ఇస్తామంటున్నారట. సగం తాను పెడతాడు, సగం నన్ను పెట్టమంటున్నాడు. నా దగ్గర అంత డబ్బు లేదు. కొమ్మాదిలో 200 గజాల స్థలం మాత్రం ఉంది. అది అమ్మమంటాడు.

“ఐదారేళ్లు కదపకుండా ఉంచితే రెట్టింపవుతుంది బావా, కాకపోతే విశాఖ తెచ్చుకుని బీచ్ రోడ్డులో తిరుగుదాం” అంటున్నాడు. మా ఆవిడ ఏమీ అనడం లేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

మాడుగుల_హల్వా
శుక్రవారం, రాత్రి 9.52

500 కార్లే చేశారంటే, 500 మంది కొంటారని కంపెనీ లెక్క వేసుకున్నదని అర్థం. మీ సర్వే నంబరులో మీ స్థలం ఒక్కటే ఉంటుంది. ఏది లిమిటెడ్ ఎడిషనో మీరే చూసుకోండి.

లాసన్స్‌బే_కాఫీ
శుక్రవారం, రాత్రి 10.35

హల్వా గారు సరదాగా అన్నా అసలు సంగతి అదే. “500లో ఇన్నోది” అని కారు మీద చెక్కిన సంఖ్య చూసి విలువ కట్టకూడదు. మూడు పాత కథలు చెబుతాను.

ఫెరారీ ఎఫ్40. 1987లో వచ్చింది. మొదట 400 చేస్తామన్నారు. అడిగేవాళ్లు ఆగకపోవడంతో 1,300 దాటించారు. లెక్క ప్రకారం విలువ పడిపోవాలి కదా? ఈ రోజు దాని ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

జాగ్వార్ ఎక్స్‌జే220. 350 మాత్రమే చేస్తామన్నారు. 1989లో 50,000 పౌండ్లు అడ్వాన్సు కట్టడానికి జనం ఎగబడ్డారు. కట్టినవాళ్లలో చాలామందికి కారు మీద మోజు లేదు, చేతికి రాగానే లాభానికి అమ్ముకోవాలన్నదే ఆలోచన. చూపించినప్పుడు పన్నెండు సిలిండర్ల వీ12 ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి. తయారై వచ్చేసరికి ఆరు సిలిండర్ల వీ6 టర్బో, వెనుక చక్రాలకే శక్తి. ఈ లోపు ధర పెరిగింది, ఆర్థిక మాంద్యం వచ్చింది. అడ్వాన్సు కట్టినవాళ్లు తప్పుకోవాలని చూశారు, కొందరు కోర్టు దాకా వెళ్లారు. చివరికి 300 కూడా తయారు కాలేదు. అంటే అది అనుకున్నదానికంటే అరుదైన కారైంది. అయినా ఎన్నో ఏళ్లు ఎవరూ దాని ముఖం చూడలేదు.

మూడోది మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు కారు. 300 చేద్దామనుకున్నారు, కొనేవాళ్లు లేక రేసు కార్లతో కలిపి 106 దగ్గర ఆపేశారు. 2021 ఆగస్టులో వాటిలో ఒకటి అమెరికా వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది. దాన్ని ఎవరూ “లిమిటెడ్ ఎడిషన్” అని అమ్మలేదు, అమ్ముడుపోకే అరుదైంది.

కాబట్టి మీ బావమరిదిని అడగవలసిన ప్రశ్న వేరు. ఎన్ని చేశారన్నది వదిలేసి, పదేళ్ల తరువాత ఎంతమంది దాని కోసం వెతుకుతారో చెప్పమనండి.

గ్రిడ్_17
శుక్రవారం, రాత్రి 11.20

కాఫీ గారు తనకు అనుకూలమైన కథలు ఏరుకున్నారు. నేనూ ఒకటి ఏరుకుంటాను.

పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7. రేసులకు అర్హత కోసం 500 అమ్మాలి. అన్ని అమ్ముడవుతాయా అని కంపెనీలోనే అనుమానపడ్డారు. చివరికి 1,580 తయారయ్యాయి. బరువు తగ్గించడానికి రేకు పలుచన చేశారు, అద్దం పలుచన చేశారు. ఈ రోజు 911 చరిత్రలో అందరూ ముందు చెప్పేది దాని పేరే. ట్రాక్ కోసం పుట్టిన కారుకు ఒక వంశం ఉంటుంది. మామూలు మోడల్ కంటే శబ్దం ఎక్కువ, సౌకర్యం తక్కువ. కొనేవాడు కావాలనే కొంటాడు. అందుకే సాధారణంగా అదే కంపెనీ మామూలు కార్ల కంటే ఇవి విలువను బాగా నిలుపుకుంటాయి. ఇది ఎవరూ కాదనలేరు.

675ఎల్‌టీ అంటే ఏదో స్టిక్కరు అంటించిన కారు కాదు. 675 హార్స్‌పవర్, బరువు బాగా తగ్గించారు, వెనుక అద్దం పాలీకార్బొనేట్. ఆ “ఎల్‌టీ” కూడా 1997 నాటి ఎఫ్1 జీటీఆర్ లాంగ్‌టెయిల్ రేసు కారు నుంచి వచ్చింది. నన్ను అడిగితే ఆ కంపెనీ ఈ కాలంలో చేసిన కార్లలో నడపడానికి అన్నిటికంటే ఇష్టమైనది అదే.

లాసన్స్‌బే_కాఫీ
శుక్రవారం, రాత్రి 11.41

కారు గొప్పది కాదని నేను అనలేదు. కానీ ఆ “ఎల్‌టీ” తరువాత ఏమైందో కూడా చెప్పండి. 2015లో 675ఎల్‌టీ కూపే 500. వెంటనే స్పైడర్, అంటే కప్పు తెరుచుకునే రకం, మరో 500. 2018లో 600ఎల్‌టీ. అదే ఏడాది సెన్నా అనే మరో మోడల్, 500. 2020లో 765ఎల్‌టీ కూపే 765, ఆ తరువాత దాని స్పైడర్ మరో 765. ప్రతిసారీ “ఇక దొరకదు” అన్నారు, ప్రతిసారీ ఇంకా వేగంగా పోయేది వచ్చింది. పండుగ తరువాత మళ్లీ మళ్లీ పొడిగించే “చివరి రోజు తగ్గింపు” బోర్డు జగదాంబ సెంటర్లో మనకు కొత్తా?

సెన్నానే చూడండి. ఇంగ్లండులో 7,50,000 పౌండ్లు. జనం చూసేసరికే మొత్తం 500 బుక్కయ్యాయి. చివరి కారును దాతృత్వ వేలంలో 20 లక్షల పౌండ్లకు పాడుకున్నారు. ఇక ఆకాశమే హద్దు అనుకున్నారు. ఆ తరువాత రీసేల్‌లో, అదనపు హంగులతో కలిపి కొన్న ధరను నిలబెట్టుకోవడానికే చాలా కార్లు తంటాలు పడ్డాయి.

గ్రిడ్_17
శనివారం, ఉదయం 7.05

ఒప్పుకుంటాను. నా వైపు నుంచే ఇంకో ఉదాహరణ ఇస్తాను, అది మీకే పనికొస్తుంది. 2016లో పోర్షే 911 ఆర్ వచ్చింది. 991 కార్లు. 911లోనే ట్రాక్ కోసం చేసే జీటీ3 ఆర్ఎస్ మోడల్ ఇంజను, వెనుక పెద్ద రెక్క లేదు, ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే. అప్పటికి జీటీ3లో మాన్యువల్ ఇవ్వడం ఆపేశారు కాబట్టి మతి పోయినట్లు కొన్నారు. అసలు ధరకు రెండు మూడు రెట్లు అడిగారు, ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది పోర్షే జీటీ3లో మాన్యువల్ తిరిగి ఇచ్చింది, వెంటనే రెక్క లేని టూరింగ్ కూడా తెచ్చింది, సంఖ్యా పరిమితి లేకుండా. 911 ఆర్ ధర ఒక్కసారిగా దిగింది. తరువాత మళ్లీ కోలుకుంది, అది వేరే సంగతి. శిఖరం మీద కొన్నవాడికి ఆ కోలుకోవడం దాకా ఆగే ఓపిక ఉండాలి.

అంటే మీ కారు విలువ మీ గ్యారేజీలో లేదు. కంపెనీ ఇంజనీరు తరువాత ఏం గీస్తాడో అతని బల్ల మీద ఉంది.

మాడుగుల_హల్వా
శనివారం, ఉదయం 7.30

2019 మార్చిలో బ్రెజిల్ వెళ్తున్న ఓడ ఒకటి, గ్రాందే అమెరికా, సముద్రంలో మునిగింది. అందులో నాలుగు 911 జీటీ2 ఆర్ఎస్‌లు ఉన్నాయి. అప్పటికే ఆ మోడల్ తయారీ ముగిసింది. ఆ కొనుగోలుదారుల కోసం పోర్షే మళ్లీ తయారీ మొదలుపెట్టి చేసి ఇచ్చింది. మంచి పనే చేశారు. కానీ తయారీ ముగిసింది అన్న మాటకు విలువ ఎంతో కూడా తెలిసిపోయింది.

పాత_లెడ్జరు
శనివారం, ఉదయం 10.15

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కార్ల గొప్పతనం మీరు తేల్చుకోండి. కాగితాల సంగతి నేను చెబుతాను.

ఒకటి, విశాఖ తెచ్చుకోవడం అన్నది మరచిపొండి. మన దేశంలోకి వాడిన కారు దిగుమతి చేయాలంటే అది తయారై మూడేళ్లు మించకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి, ఇంగ్లండు కారుకు ఆ చిక్కు లేదనుకోండి. దిగుమతి ముంబై రేవు ద్వారానే జరగాలి, మన రేవు ఎంత పెద్దదైనా పనికిరాదు. 2015 నాటి కారుకు మొదటి షరతు దగ్గరే తలుపు మూసుకుంది. అది దాటినా, కారు ధర కంటే ఎక్కువ సుంకమే అవుతుంది.

రెండు, డబ్బు పంపడం. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2.5 లక్షల డాలర్ల దాకా. కానీ చదువు, వైద్యం లాంటివి కాకుండా పంపితే 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్నులో సర్దుకోవచ్చు, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. స్థలం అమ్మిన లాభం మీద పన్ను వేరు.

మూడు, అన్నిటికంటే ముఖ్యం. ఆ కారు రికార్డు ఎవరి పేరున ఉంటుంది? మీ బావమరిది పేరున. మీ దగ్గర ఏముంటుంది? వాట్సాప్‌లో ఫోటో. నేను ఆయనను అనుమానించడం లేదు. కానీ ముప్పై ఏళ్లు కౌంటరు వెనుక కూర్చున్నాను. అన్నదమ్ముల జాయింటు ఖాతాలు ఎలా ముగుస్తాయో చూశాను.

కొమ్మాది_వాసి
శనివారం, మధ్యాహ్నం 1.10

లెడ్జరు గారూ, ధన్యవాదాలు. మూడో మాట మా ఆవిడకు చదివి వినిపించలేదు, ఆమె తమ్ముడు కదా.

ఒక సందేహం. కదపకుండా ఉంచితే విలువ తగ్గదు కదా? పదేళ్లలో 4,100 మైళ్లే తిరిగిందట. టైర్లు కూడా కంపెనీ నుంచి వచ్చినవేనట, మార్చలేదట. అదే పెద్ద ప్లస్ పాయింటు అంటున్నాడు.

ఆటోనగర్_స్పానరు
శనివారం, మధ్యాహ్నం 2.25

అయ్యా, ఆ మాట వినగానే చేతిలో పని ఆపి రాస్తున్నాను.

టైరు పక్క గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడి ఉంటుంది. అందులో నాలుగు అంకెలు. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2215 అని ఉంటే 2015లో 22వ వారంలో చేసిన టైరు. మీ దగ్గర ఫోటోలు ఉంటే పెద్దవి చేసి చూడండి. పదేళ్ల టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా, రబ్బరు గట్టిపడి పలకలా అయిపోతుంది. ట్రాక్ టైర్లు మెత్తగా ఉండి, వేడెక్కితేనే పట్టు ఇస్తాయి. వాటి మీద 675 హార్స్‌పవర్ పెట్టి తడి రోడ్డు ఎక్కితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. చక్రాలు అసలువైతే విలువ. టైర్లు అసలువైతే ఖర్చు.

కదపని బండి సంగతి నాకు ఒక ఆర్ఎక్స్100 నేర్పింది. 1996లో తయారీ ఆగిపోయిన బండి. దానికి ఈ రోజు మన విశాఖలోనే ఎంత గిరాకీ ఉందో మీకు తెలుసు. పెదవాల్తేరు నుంచి ఒకాయన తీసుకొచ్చారు. తండ్రి గారి బండి, పద్నాలుగేళ్లు మెట్ల కింద దుప్పటి కప్పి ఉంచారు. పైకి పెళ్లికొడుకులా ఉంది. పెయింటు అసలుది, స్టిక్కరు అసలుది. ట్యాంకు మూత తిప్పాను. పెట్రోలు వాసన లేదు, వార్నిష్ వాసన వచ్చింది. కార్బొరేటరు విప్పితే జెట్టులో తేనె గడ్డకట్టినట్లు పసుపు జిగురు. క్రాంకు సీళ్లు చేతిలో బిస్కెట్లలా విరిగాయి. ముందు మడ్‌గార్డు లోపలి వైపు వేలితో రాస్తే పొరలు పొరలుగా రాలింది, అది సముద్రపు గాలి పని. దుప్పటి ఎండను ఆపింది గాని ఉప్పును ఆపలేదు. పైగా తడిని లోపలే పట్టి ఉంచింది. నెలకోసారి పది కిలోమీటర్లు నడిపి ఉంటే సగం పని తప్పేది.

పెద్ద కార్లకూ ఇదే న్యాయం. ఎఫ్40లో పెట్రోలు రబ్బరు సంచుల్లో ఉంటుంది, తిరిగినా తిరగకపోయినా పదేళ్లకోసారి మార్చాలి. మీరు చెప్పిన మెక్‌లారెన్ సస్పెన్షన్‌లో హైడ్రాలిక్ అక్యుములేటర్లు ఉంటాయి. లోపల గ్యాసు ఉన్న గుండ్లు అనుకోండి. కొన్నేళ్లకు గ్యాసు తగ్గి, కారు గట్టిగా ఎగరడం మొదలవుతుంది. అవి ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. ఇక కార్బన్ ఫైబరు తుప్పు పట్టదని మురిసిపోవద్దు. కార్బన్‌కు అల్యూమినియం ఆనుకున్న చోట ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేస్తుంది. ఋషికొండ ఇంట్లో పెట్టవలసిన వస్తువు కాదు అది.

గ్రిడ్_17
శనివారం, సాయంత్రం 4.00

స్పానరు గారి మాటకు నాదొకటి చేర్చుతాను. ట్రాక్ కారు కొనేటప్పుడు ట్రాక్ మీద తిరిగిందన్న మాట విని పారిపోకూడదు. ఎలా తిరిగిందన్నది చూడాలి. పోర్షేల్లో ఇంజను పరిమితిని దాటి ఎన్నిసార్లు తిరిగిందో కంప్యూటరులో ఆరు శ్రేణులుగా నమోదవుతుంది. పై శ్రేణుల్లో అంకెలు ఉంటే, ఎవరో పై గేరు బదులు కింది గేరు వేశారని అర్థం. కొనేముందు ఆ నివేదిక అడగడం అక్కడ మామూలు. బీమా కాగితం కూడా చూడాలి. మామూలు పాలసీ ట్రాక్ మీద జరిగిన నష్టానికి రాదు.

మన దేశంలో అయితే ఆ ప్రశ్నే అరుదు. విశాఖ నుంచి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దాదాపు 800 కిలోమీటర్లు. కారు లారీలో వెళ్లాలి. మనం రైల్లో వెళ్లాలి.

ఎర్రమట్టి_దిబ్బలు
శనివారం, సాయంత్రం 5.15

కార్లు చివరికి నడపడానికా, దాచడానికా? అసలు ఈ మొత్తం వ్యవహారం నాకు నచ్చదు.

గ్రిడ్_17
శనివారం, సాయంత్రం 5.30

అది కంపెనీలకూ నచ్చదు, వాళ్ల కారణాలు వేరు. 2017లో ఫోర్డ్ కొత్త జీటీ ఇచ్చేటప్పుడు దరఖాస్తు పెట్టించి మరీ మనుషులను ఎంచింది, రెండేళ్లు అమ్మకూడదని సంతకం పెట్టించుకుంది. మల్లయోధుడు, నటుడు జాన్ సీనా కారు చేతికి వచ్చిన కొన్ని వారాలకే అమ్మేశాడు. ఫోర్డ్ దావా వేసింది. 2018లో రాజీ కుదిరింది, ఆయన క్షమాపణ చెప్పాడు. దాచేవాడి మీద ఎవరూ దావా వేయరు. తొందరగా అమ్మేవాడి మీదే.

కొమ్మాది_వాసి
శనివారం, రాత్రి 8.45

స్పానరు గారూ, మా అమ్మాయి ఫోనులో ఫోటో పెద్దది చేసి చూపించింది. ముందు ఎడమ టైరు మీద 2215. మీరు ఉదాహరణగా రాసిన అంకే! మొదట నాకు ఒళ్లు జలదరించింది. వెనుక టైరు మీద 2415. గాడుల అడుగున సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి. బావమరిదికి ఈ చర్చ లింకు పంపాను. తిడతాడేమో.

ఆటోనగర్_స్పానరు
శనివారం, రాత్రి 8.58

జాతకం చెప్పలేదండీ. ఏడాది మధ్యలో మొదటి కార్లు వచ్చాయి కాబట్టి ఆ వారాలే తగులుతాయి.

కుదుళ్లు_మిల్టన్‌కీన్స్‌లో
ఆదివారం, మధ్యాహ్నం 3.20

నేనే ఆ బావమరిదిని. మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను.

బావా, తిట్టడం లేదు. లెడ్జరు గారు అన్న మూడో మాట కొంచెం గుచ్చుకుంది, కానీ ఆయన చెప్పింది నిజమే, రికార్డులో ఒక్క పేరే రాస్తారు. ఇక్కడ సొంత కారు అమ్మిన లాభం మీద పన్ను లేదు, అందుకే నేను అంత ధీమాగా ఉన్నాను. అద్దె షెడ్డు, బీమా, ఏటా సర్వీసు కలిపి ఐదేళ్లకు వేసి చూశాను. కారు ధర కదలకుండా నిలిచినా చేతి నుంచి చాలా పోతుంది. ఆ లెక్క ముందు వేయలేదు. వేయాలని అనిపించలేదన్నది నిజం.

ఇవాళ ఉదయం అమ్మే ఆయనకు ఫోన్ చేశాను. అక్యుములేటర్ల బిల్లు లేదు. టైర్లు మార్చితే “అసలుతనం” పోతుందని ఆయన గట్టి నమ్మకం. కారు పక్కన నిలబడి వచ్చాను. స్టార్టు చేసినప్పుడు వెనుక టైటానియం గొట్టాల నుంచి వచ్చే శబ్దం ఛాతీలో తగిలింది. గ్రిడ్_17 గారికి అర్థమవుతుంది. నేను రెట్టింపు అని చెప్పింది బావ కోసం. నా కోసం అయితే ఆ శబ్దమే.

గ్రిడ్_17
ఆదివారం, మధ్యాహ్నం 3.40

బాగా అర్థమైంది. అయితే ఇలా చేయండి. సగం ధరలో ట్రాక్ కారు కావాలంటే సంఖ్య చెక్కనిది చూడండి. నాలుగైదు చేతులు మారినా బిల్లులన్నీ ఉన్న జీటీ3, మాన్యువల్ దొరికితే ఇంకా మంచిది. మైళ్లు ఎక్కువ ఉన్నదే వెతకండి. మొదటి యజమాని పోగొట్టుకోవలసినది పోగొట్టుకున్నాడు కాబట్టి మీరు నడిపే మైళ్లకు పెద్దగా తగ్గదు. సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ మీకు ఎంత దూరం, అరగంటా? మాకు ఇరుంగాట్టుకోట్టై 800 కిలోమీటర్లు అని గుర్తు చేస్తున్నాను.

లాసన్స్‌బే_కాఫీ
ఆదివారం, సాయంత్రం 4.05

మొదటి రోజు రాత్రి నేను ఇదే చెప్పాను అని అనడం లేదు. అనాలని మాత్రం ఉంది.

కుదుళ్లు_మిల్టన్‌కీన్స్‌లో
ఆదివారం, సాయంత్రం 4.30

అరగంట కూడా పట్టదు. నా వాటా డబ్బు మాత్రమే పెట్టి అలాంటిదే చూస్తాను. బావా, అక్కకు చెప్పు, స్థలం సంగతి మరచిపొమ్మని. ఆమె నాకు వారం నుంచి ఫోన్ చేయడం లేదు.

కొమ్మాది_వాసి
ఆదివారం, సాయంత్రం 6.50

చెప్పాను. “టైరు మీద తేదీ ఉంటుందా?” అని అడిగి, మన కారు టైర్లు చూసి రమ్మంది. వెళ్లి టార్చి వేసి చూశాను. 0917. స్పానరు గారూ, రేపు ఎన్ని గంటలకు దుకాణం తీస్తారు?

మాడుగుల_హల్వా
ఆదివారం, సాయంత్రం 7.02

ఇంతకీ ఆ కొమ్మాది స్థలం తూర్పు ముఖమా? మా తోడల్లుడు వెతుకుతున్నాడు.

కొమ్మాది_వాసి
ఆదివారం, సాయంత్రం 7.04

అమ్మడం లేదండీ.